పెద్ద అక్షరాలు

ఆ వానాకాలం మా ఇంట్లో ఎవరికీ కాలు ఒకచోట నిలవలేదు.

ఉబ్బసానికిచ్చే చేప మందు కోసం వచ్చిన జనం వెళ్ళిపోయి, నాంపల్లి రోడ్లు కాస్త తెరిపిన పడ్డ వారంలో బడి తెరిచారు. ఆ వెంటనే ట్యాబులు వచ్చాయి. అబిడ్స్‌లో మా బడి ఉన్న సందులోకి లారీ పట్టదు. ట్రాలీ ఆటోలో అట్టపెట్టెలు తెచ్చి మెట్ల మీద దించారు. పూర్వ విద్యార్థుల సంఘం ఇచ్చిన కానుక. పెద్ద తరగతుల పిల్లలకి, వాళ్ళకి పాఠాలు చెప్పే టీచర్లకి తలా ఒకటి. అన్నిటినీ వరసగా నిలబెట్టి చార్జింగ్ పెట్టే ఇనప బీరువా ఒకటి స్టాఫ్ రూమ్ మూలకి చేరింది. కరోనా రోజుల్లో ఫోన్లో పాఠాలు చెప్పిన అనుభవం ఉందని హెడ్‌మాస్టర్ బాలరాజు సార్ ఆ బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టారు.

"సునంద మేడమ్, ఇగ మీరే ఇన్‌చార్జి. ఏదన్న ఖరాబైతే నన్నడగకున్రి. నాకు ఫోన్ ఎత్తుడు, పెట్టుడే వస్తది" అన్నారు.

నేను సోషల్ చెబుతాను. మా ఆయన విద్యాసాగర్ అదే బడిలో లెక్కలు చెబుతారు. అక్కడే పరిచయమై, అక్కడే పెళ్ళి మాట అనుకున్నాం. అందుకే ఇన్నేళ్ళయినా ఇంట్లో కూడా ఆయన్ని సార్ అనే పిలుస్తాను. వాళ్ళ తాతగారు యాభై ఆరులో ప్రభుత్వ ఉద్యోగంతో బందరు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మాది జనగామ వైపు పల్లె. మా ఇంట్లో రెండు తెలుగులు వినిపిస్తాయి. నాంపల్లి స్టేషన్ వెనక సందులో, పై అంతస్తు వాటాలో కిరాయికి ఉంటాం. మా అబ్బాయి శశికిరణ్ ఆ ఏడే వరంగల్ హాస్టల్‌కి వెళ్ళాడు. ఇంట్లో ఇక మేమిద్దరం, మా అత్తమ్మ జానకమ్మ.

శనివారం మధ్యాహ్నాలు టీచర్లకి నేను ట్యాబు పాఠాలు చెప్పాలి. ఒక చార్టు రాసి బీరువా పక్కన అంటించాను. ట్యాబు తిరిగి పెట్టేముందు లాగౌట్ చెయ్యండి, లేకపోతే మీ తరవాత తీసినవాళ్ళకి మీ మెయిలంతా కనబడుతుంది. పాస్‌వర్డు కాయితం మీద రాసి అట్ట వెనక దాచకండి. బడిలో నెట్ ఎప్పుడు పోతుందో తెలియదు కనక రేపటి పాఠం ఈ రోజే దించుకోండి. సుద్ద చేత్తో తెర ముట్టకండి.

హిందీ చెప్పే నాగరత్నం టీచర్ ముందు వరసలో కూర్చుని ప్రతిదీ రెండుసార్లు అడిగేది.

"ఏంది సునందా, గిది ఒత్తితే గది వస్తున్నది. పాస్‌వర్డు నా పేరే పెట్టుకున్న. మంచిదేనా?"

"గట్టిగ చెప్పకున్రి టీచర్, అందరు విన్నరు."

"వింటే ఏమైతది? నా ట్యాబుల ఏమున్నది, కబీర్ దోహాలు తప్ప."

అందరూ నవ్వేవాళ్ళు. కిటికీ పక్కన చేతులు కట్టుకు కూర్చున్న మా ఆయన మాత్రం నవ్వేవారు కాదు. ట్యాబు తెరిచేవారు కూడా కాదు. అడిగితే, "నాకు నల్లబల్ల చాలు" అనేవారు. అంతమంది ముందు ఏమీ అనలేక, ఇంటికొచ్చాక అడిగేదాన్ని.

"అందరు నేర్చుకుంటున్నరు సార్. మీరొక్కరే గట్ల కూసుంటే ఎట్ల? ఇన్‌చార్జి మాట మొగుడే వింటలేడు అంటరు."

"అననీ."

"ఎందుకో జర చెప్పున్రి మరి."

"ఇష్టం లేదు. అంతే."

అంత ముక్తసరిగా మాట్లాడే మనిషి కాదు. కానీ ఆ రోజుల్లో అన్నిటికీ అలాగే ఉండేవారు. స్కూటర్ తీయడం మానేశారు. షుగర్‌కి నడకే మందు అన్నారు. పొద్దున పేపరు మడత విప్పకుండానే టీపాయ్ మీద పడి ఉండేది; రోజూ అవే వార్తలు అన్నారు. ఉప్పు డబ్బా ఒక అర అటు జరిగితే, "దీని చోటు ఎవరు మార్చారు?" అని వంటింట్లోంచి కేకలు. ఒకరోజు టీ కప్పు టేబుల్ అంచున పెట్టబోయి గాలిలో వదిలేశారు. ముక్కలు ఏరుతుంటే నన్నే కోప్పడ్డారు. కూర్చుంటే లేచేవారు, లేస్తే హాల్లోంచి వంటింటికి, వంటింట్లోంచి హాల్లోకి తిరిగేవారు. అత్తమ్మ కూడా అంతే. మేం బడి నుంచి వచ్చే వేళకి బాల్కనీలో నిలబడి సందు మొగ వైపే చూస్తుండేది. మనవడు హాస్టల్‌కి పోయాడని బెంగ కాబోలనుకున్నాను. వాళ్ళిద్దర్నీ చూసి నాకూ ఊరికే చిరాకు పుట్టేది.

ఇదివరకు ఎప్పుడైనా నడిచి వెళ్తే, అబిడ్స్ చౌరస్తా దాటేటప్పుడు ఆయన నాకంటే ముందు నడిచేవారు, నేను పరుగెత్తి అందుకునేదాన్ని. ఆ ఏడు నా వెనక నడిచారు. నేను అడుగు వేస్తే వేసేవారు, నేను ఆగితే ఆగేవారు. నా మీద కోపంతో వెనకబడుతున్నారనుకుని నేను ఇంకా గబగబా నడిచేదాన్ని.

శ్రావణమాసంలో బాలరాజు సార్ పిలిచి చెప్పారు. "సోమవారం కరెస్పాండెంట్ గారు వస్తున్నరు. ట్యాబులిచ్చిన పాత స్టూడెంట్లు గూడ వస్తరట. సాగర్ సార్ చెప్పే పదో తరగతి క్లాసుల కూసుంటరు. ట్యాబులు మస్తు స్లో అయినయి, ఎక్కిన చెత్తంత తీసెయ్యిన్రి. అన్నీ కొత్తగ ఎట్లుండెనో గట్ల చెయ్యిన్రి."

శుక్రవారం బడి వదిలాక నేనూ నాగరత్నం టీచరూ బీరువా ముందు కూర్చున్నాం. ఒక్కొక్కటీ తీసి, సెట్టింగులలోకి వెళ్ళి, మొదటి స్థితికి తెచ్చి, మళ్ళీ చార్జింగ్‌కి పెట్టడం. పిల్లల ట్యాబుల్లో ఆటలు, పెళ్ళి ఫొటోలు, క్రికెట్. చివర్న టీచర్లవి. విద్యాసాగర్ అని చీటీ అంటించిన ట్యాబు తెరవగానే నాగరత్నం టీచర్ ముందుకు వంగింది.

"అయ్యో, గిదేంది సునందా?"

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. ఒక్కొక్కటీ బొటనవేలంత. తెరంతా కలిపి రెండు మాటలే పట్టాయి.

"ఎవడో పోరగాడు సెట్టింగులు ఖరాబు చేసిండు" అందావిడ.

నేనూ అదే అనుకున్నాను. ఆయన ట్యాబు ముట్టరు కదా. మిగతావాటిలాగే దాన్నీ తుడిచి మామూలు అక్షరాల్లోకి తెచ్చి, బీరువా తాళం వేశాను.

సోమవారం రెండో పీరియడ్. కరెస్పాండెంట్ గారు, ఇద్దరు పాత విద్యార్థులు వెనక బెంచీలో కూర్చున్నారు. ట్యాబులు మొరాయిస్తే చూడటానికి నన్ను గుమ్మం పక్కన నిలబెట్టారు. మా ఆయన ట్యాబు చేతిలోకి తీసుకుని తెర వంక చూశారు. చూస్తూ అలాగే ఉండిపోయారు. బొటనవేలితో ఒకసారి రుద్దారు. మళ్ళీ చూశారు. పిల్లలు ఎదురుచూస్తున్నారు.

"హైందవీ, మొదటి లెక్క పైకి చదువమ్మా" అన్నారు.

ముందు బెంచీలో ఉన్న హైందవి లేచి చదివింది. ఒక చెట్టు నీడ, సూర్యుడి కోణం, చెట్టు ఎత్తెంత. ఆయన బోర్డు వైపు తిరిగి బొమ్మ గీసి, చేతిలో కాయితం లేకుండా మొత్తం వివరించారు. ఎప్పటిలాగే చాలా బాగా చెప్పారు. వెనక బెంచీలో తలలు ఊపారు. నాకు గర్వంగా అనిపించింది.

"బాగుంది సార్" అన్నారు కరెస్పాండెంట్ గారు. "ఇప్పుడు పిల్లల్ని చెయ్యమనండి. వాళ్ళు రాసిన జవాబులు మీ ట్యాబులో కనబడతాయట కదా, ఆ వసతి ఒకసారి చూద్దాం."

పిల్లలు రెండో లెక్క చేసి పంపారు. ఆయన ట్యాబులో పేర్లు, వాటి పక్కన జవాబులు వరసగా వచ్చి ఉంటాయి. ఎవరిది ఒప్పో ఎవరిది తప్పో ఆయన చెప్పాలి. ఆయన ట్యాబుని ముఖానికి దగ్గరగా తెచ్చారు. తరవాత పక్కకి జరిపి, తల కొద్దిగా తిప్పి, గోడని చూస్తున్నట్టుగా చూశారు.

"అందరూ కరెక్టే చేశారు. శభాష్" అన్నారు.

క్లాసులో గుసగుస మొదలైంది. ఒకడు కిసుక్కున నవ్వాడు. హైందవి తన తెరవంకా ఆయన వంకా చూసి తల దించుకుంది. వెనక నుంచి పాత విద్యార్థి ఒకాయన పక్క పిల్లాడి ట్యాబులోకి తొంగి చూసి, కరెస్పాండెంట్ గారి చెవిలో ఏదో అన్నాడు.

నేను గుమ్మం పక్కన గోడకి ఆనుకున్నాను. శుక్రవారం నేను తుడిచేసిన అక్షరాలు ఎవరివో అప్పుడు తెలిసింది.

సాయంత్రం ఆయన నేరుగా ఇంటికి వెళ్దామన్నా నేను వినలేదు. స్టేషన్ రోడ్డులో ఇరానీ హోటల్లోకి తీసుకెళ్ళాను. బయట వాన జోరందుకుంది. రెండు చాయ్ చెప్పాను.

"ఎప్పటి సంది సార్?"

"ఏది?"

"తెల్వనట్టు మాట్లాడకున్రి."

ఆయన సాసరుని కాసేపు అటూ ఇటూ తిప్పారు. "పోయిన చలికాలం నుంచి. ముందు ఎడమ కన్ను. అద్దాలు మారిస్తే పోతుందనుకున్నా. తరవాత కుడిది కూడా మొదలైంది. నేరుగా చూస్తే మధ్యలో మసక. ఇప్పుడు నిన్ను చూస్తే నీ జడ తెలుస్తోంది, చెవి కమ్మలు తెలుస్తున్నాయి. మొహం ఉండాల్సిన చోట మరక."

కళ్ళలో నీళ్ళు తిరిగితే తల దించుకున్నాను. ఆయనకి కనబడవని తెలిసీ దించుకున్నాను.

"ట్యాబుల అక్షరాలు పెద్దగ చేసుకున్నది మీరేనా?"

"అమ్మ ఫోన్లో నువ్వే చేసిపెట్టావు కదా. ఎక్కడ నొక్కాలో అమ్మ దగ్గర చూసుకున్నా. నలుపు మీద తెలుపయితే ఇంకాస్త తెలుస్తుంది. శుక్రవారం దాకా అలాగే నెట్టుకొచ్చా."

"నేనే తుడిచేసిన."

"తెలుసు. అందరివీ తుడిచావుగా. నీకేం తెలుసు పాపం."

"నాతోని ఒక్క మాట అంటే ఏమైతుండె సార్?"

"అంటే నువ్వు ఊరుకుంటావా? దవాఖానా అంటావు. హెడ్‌మాస్టర్‌కి చెప్పాలంటావు. నా పదో తరగతి తీసేస్తారు. ఈ ఒక్క ఏడాదీ గడిచిపోతే చాలనుకున్నా." టేబుల్ మీద చెయ్యి తడుముతూ కప్పు అందుకున్నారు. "లెక్కలు చెప్పడం తప్ప నాకింకేం వచ్చు, సునందా?"

చాయ్ చల్లారిపోయింది. వాన తగ్గకుండానే లేచాం. ఆ రోజు రోడ్డు దాటేటప్పుడు ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. విడిపించుకోలేదు.

ఇంటికి రాగానే అత్తమ్మ బాల్కనీలోంచి లోపలికి వచ్చింది. మా మొహాలు చూసింది. ఆరిన బట్టలు మడతపెట్టసాగింది.

"అత్తమ్మా, మీకు తెలుసా?"

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఒట్టు వేయించుకున్నాడే." చేతిలో తువ్వాలు మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది. "మీరు గేటు దగ్గరకి వచ్చేదాకా నా ప్రాణం నా దగ్గర ఉండేది కాదు. పోనీలే, పక్కన సునంద ఉంటుంది కదా అనుకునేదాన్ని. నీకు తెలియకుండా నిన్నే కాపలా పెట్టుకున్నాను. నన్ను తిట్టు, పడతాను."

తిట్టాలనే ఉంది. బట్టల్లో సగం నా ముందుకు లాక్కుని నేనూ మడతపెట్టాను.

మర్నాడు జ్వరమని సెలవు పెట్టించి కంటి దవాఖానాకి తీసుకెళ్ళాను. మందు వేసి, లైట్లు వేసి, ఫొటోలు తీసి, చివరికి డాక్టరమ్మ కుర్చీ దగ్గరగా జరుపుకుంది. షుగర్ వల్ల కంటి వెనక పొర ఉబ్బిందని, రెండు కళ్ళకీ ఇంజెక్షన్లు మొదలుపెట్టాలని చెప్పింది. "పోయినదాంట్లో ఎంత తిరిగొస్తుందో చెప్పలేను. ఉన్నది నిలబెట్టడానికి చూద్దాం. షుగర్ మాత్రం మీ చేతుల్లో పని" అంది. ఆయన బుద్ధిగా తలూపారు. బయటికి వచ్చి ఆటో ఎక్కాక, "రాజీనామా రాసి పెట్టు, సంతకం చేస్తాను. వాళ్ళు పొమ్మనకముందే నేనే పోతా" అన్నారు.

నేను రాయలేదు. ఇన్‌చార్జి తాళంచెవి నా దగ్గరే ఉంది కనక, ఆయన ట్యాబుని రోజూ ఇంటికి తెచ్చి సెట్టింగులన్నీ వెతకడం మొదలుపెట్టాను. పెద్ద అక్షరాలు, నల్లటి తెర మళ్ళీ పెట్టాను. ఇంకా లోపలికి వెళ్తే, వేలు పెట్టినచోట ఏముందో పైకి చదివే వసతి కనబడింది. ఆయన ఫోన్లో కూడా పెట్టాను. అది పెట్టాక వాడే తీరే మారిపోతుంది. ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. అది తెలియక మొదటిరోజు నేనే దాన్ని ఆపలేక, దిండు కింద పెట్టి పైన కూర్చున్నాను.

ఆ గొంతు ఆయనకి పరమ అసహ్యం. తెలుగుని విరిచి విరిచి చదివేది. ఘాతాలని మామూలు అంకెల్లా చదివేసేది.

"ఎక్స్ స్క్వేర్‌ని ఎక్స్ రెండు అంటోంది! దీని దగ్గర నేను లెక్కలు నేర్చుకోవాలా?"

"నేర్చుకునుడు కాదు, వినున్రి. ఎక్కడ తప్పు చదువుతదో తెలిస్తే సరిపోతది."

"నీకేం, చెబుతావు."

ట్యాబు సోఫాలో గిరాటేసి, హాలంతా తిరిగేవారు. కాసేపటికి అది ఎక్కడుందో తడుముకుంటూ వచ్చి మళ్ళీ చేతిలోకి తీసుకునేవారు. పాస్‌వర్డు కొడితే ఒక్కో అక్షరాన్నీ పైకి చదువుతుందని భయపడి ఇయర్‌ఫోన్లు కొన్నాం. వారం గడిచేసరికి, ఒక చెవిలో అది పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి వినడం అలవాటైంది. నేను ఏదైనా అడిగితే చెయ్యెత్తి ఆగమనేవారు. నాకు కోపమూ వచ్చేది, సంతోషమూ వేసేది.

బడిలో మాత్రం ఇంకా ఎవరికీ చెప్పలేదు. నిన్నటిదాకా ఆయన దాచారని ఏడ్చినదాన్ని, ఇప్పుడు నేనే దాచమంటున్నాను. ఒక ఇంజెక్షన్ పడి కాస్త తేరుకున్నాక చెబుదామని నా ఆశ.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం గంటలో నేను పై అంతస్తులో పిల్లల దగ్గర ఉండిపోయి, ఆయనకి ఫోన్లో మెసేజ్ పంపాను. స్టాఫ్ రూమ్‌లో అందరూ డబ్బాలు విప్పుకున్నారు. ఆయన ఇయర్‌ఫోన్ తీగ కుర్చీకి తగులుకుని ఊడిపోయిన సంగతి ఆయన గమనించలేదు. ఆ గొంతు గదంతా వినబడేలా చదివింది: "సునంద. రేపు కంటి ఇంజెక్షన్. షుగర్ గోలీ వేసుకున్నరా. హెడ్‌మాస్టర్ సార్‌కు అప్పుడే చెప్పకున్రి."

నేను కిందికి వచ్చేసరికి గదిలో చెంచా చప్పుడు కూడా లేదు. హెడ్‌మాస్టర్ గారు అక్కడే, డబ్బా ముందు కూర్చుని ఉన్నారు. ఆయన ఎదురుగా మా ఆయన ఫోను రెండు చేతుల్లో పట్టుకుని, ఎటు చూడాలో తెలియక ఎటూ చూడకుండా ఉన్నారు.

మొదట మాట్లాడింది నాగరత్నం టీచర్. "సాగర్ సార్, ఆ రోజు మీ ట్యాబుల పెద్ద అక్షరాలు చూసి పోరగాళ్ళ పని అన్న. మాఫ్ చెయ్యిన్రి. నాకు గట్లనే పెట్టమని సునందతోని చెప్పున్రి, ఇజ్జత్ పోతదని నేను గూడ అడుగుతలేను."

ఎవరో నవ్వారు. డబ్బాల చప్పుడు మళ్ళీ మొదలైంది. బాలరాజు సార్ చెయ్యి కడుక్కుని, "తిన్నంక ఇద్దరు నా రూముకు రాన్రి" అని వెళ్ళిపోయారు.

తన గదిలో బాలరాజు సార్ కోపంగా లేరు. అదే నన్ను భయపెట్టింది.

"కరెస్పాండెంట్ గారు ఆ రోజే అడిగిన్రు, సాగర్ సార్‌కు ఏమైందని. తబియత్ బాగలేదని చెప్పిన. ఇప్పుడు నేను చెప్పక తప్పదు. పదో తరగతి నా చేతుల లేదు సార్, పబ్లిక్ పరీక్ష. కొత్తగొచ్చిన సాయిచైతన్య సార్‌కు ఇయ్యాల్సిందే."

మా ఆయన బల్ల అంచు పట్టుకున్నారు.

"మిగతా క్లాసులు మీవే" అన్నారు బాలరాజు సార్. "దసరా ముందు పరీక్షల దాక నేను పూచీ. కానీ ఒక్కటి చెప్పున్రి, పేపర్లెవరు దిద్దుతరు?"

"నేను చదువుత. సార్ మార్కులేస్తరు" అన్నాను.

మా ఆయన నా వైపు తిరిగారు. "నీకు లెక్కలంటే భయం కదా?"

"చదవనీకె భయమెందుకు?"

బాలరాజు సార్ బల్ల మీదికి చూస్తూ నవ్వు ఆపుకున్నారు. లేచేముందు మా ఆయన ఒక్క మాట అడిగారు. "పదో తరగతి పిల్లలకి నేను చెప్పి వస్తాను. ఇంకొకరి నోట వినకూడదు."

ఆ రోజు చివరి పీరియడ్‌లో నేను వరండాలో నిలబడ్డాను. నా క్లాసు పిల్లలకి ఏదో రాయమని చెప్పి వచ్చాను. లోపల ఆయన ట్యాబు లేకుండా, సుద్దముక్క లేకుండా, చేతులు వెనక కట్టుకుని చెప్పారు. నాకు చూపు బాగా తగ్గింది, మందులు వాడుతున్నాను, రేపటి నుంచి మీకు సాయిచైతన్య సార్ చెబుతారు, బాగా చెబుతారు, వినండి. అంతే.

హైందవి లేచి నిలబడింది.

"సార్, గందుకేనా ఆ రోజు అందరివి కరెక్టే అన్నరు?"

"ఔనమ్మా."

"నాది తప్పు సార్."

"ఎంత వచ్చింది నీకు?"

ఆ అమ్మాయి చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించారు. "కోణం ఏది తీసుకున్నావు? కింద నుంచి కొలిచావా, పైనుంచా?"

"పైనుంచి సార్."

"అక్కడే పొరపాటు. మళ్ళీ చెయ్యి, నేనుంటాను." తరవాత గొంతు పెంచి, "ఇంకా ఎవరెవరిది తప్పు?" అని అడిగారు.

ఒకడు చెయ్యెత్తాడు. "సార్, చెయ్యెత్తితే మీకు కనబడదు, నాది గూడ తప్పే" అన్నాడు. క్లాసంతా నవ్వింది, ఆయన కూడా నవ్వారు. ఒక్కొక్కరే లేచి తమ తప్పు పైకి చెప్పుకున్నారు. గంట కొట్టినా ఎవరూ సంచులు తీయలేదు. నేను మాత్రం నా క్లాసుకి పరుగెత్తాను, అక్కడ కేకలు మెట్ల దాకా వినబడుతున్నాయి.

ఆ తరవాత అంతా సవ్యంగా జరిగిందని చెప్పను. పదో తరగతి గది ముందు నుంచి వెళ్ళవలసి వస్తే ఆయన చుట్టు తిరిగి వెళ్ళేవారు. ఇంజెక్షన్ పడిన రోజు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. అన్నంలో నెయ్యి వద్దంటే అత్తమ్మ మీద అరిచేవారు. పరీక్ష పేపర్లు ఇంటికి వచ్చాక ఇంకో రకం గొడవ. నేను సోఫాలో కూర్చుని చదవడం, ఆయన హాల్లో పచార్లు చేస్తూ వినడం, అత్తమ్మ తన గుండ్రటి అంకెలతో మార్కులు వెయ్యడం.

"ఎక్స్ ప్లస్ మూడు, బ్రాకెట్ల..."

"బ్రాకెట్ ఎక్కడ మొదలైంది? ఎక్స్‌కి ముందా, వెనకా?"

"ముందు. కాదు, ఆగున్రి. ఈ పిల్లగాడు బ్రాకెట్ మూసుడే మరిచిండు."

"వాడు మరిచాడా, నువ్వు చదవడం మరిచావా?"

"సార్, గింత చిరాకైతే మీరే చదువుకోన్రి!" అని పేపరు విసిరి వంటింట్లోకి వెళ్ళేదాన్ని. అత్తమ్మ అద్దాలు సవరించుకుని, "పోనీ నేను చదవనా?" అనేది. "అమ్మా, నువ్వు వద్దు" అని ఆయన. కాసేపటికి నేనే తిరిగి వచ్చేదాన్ని. ఎక్కడ ఆపానో ఆయనకి గుర్తుండేది. ఎక్కాలంటే వణికే నాకు, ఆ పేపర్లు అయ్యేసరికి, కుర్రాళ్ళు ఏ మెట్టు దగ్గర తప్పుతున్నారో చదువుతుండగానే తెలియడం మొదలైంది. ఆయనకి మాత్రం చెప్పలేదు. పొగరు అంటారు.

దసరా సెలవుల్లో ఒక ఆదివారం పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి ఆయన ఇంట్లో లేరు. చెప్పులు లేవు. అత్తమ్మ బాల్కనీలో కమ్మీలు పట్టుకుని ఉంది.

"ఎటు పోయిన్రు అత్తమ్మా?"

"అబిడ్స్ దాకా వెళ్ళొస్తానన్నాడు. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పెడతారు కదా ఇవాళ. ఒక్కడే వెళ్తానన్నాడు. నిన్ను పంపొద్దన్నాడు."

ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. చౌరస్తా దగ్గర బస్సులు మలుపు తిరిగే చోటు కళ్ళ ముందు మెదిలింది. చున్నీ వేసుకుని మెట్ల దాకా వెళ్ళాను. వెనక్కి వచ్చాను. పొయ్యి మీద పాలు పెట్టి, ఆర్పేసి, మళ్ళీ బాల్కనీలోకి వచ్చాను. అత్తమ్మ నన్ను కూర్చోమనలేదు, తనూ కూర్చోలేదు. ఇద్దరం కమ్మీలు పట్టుకుని సందు మొగవైపు చూస్తూ ఉండిపోయాం.

ఆకాశం మబ్బు పట్టే వేళకి ఆయన కనబడ్డారు. గోడ వార నడుస్తూ, చంకలో ఒక లావుపాటి పుస్తకం. చొక్కా చెమటతో తడిసి ఉంది. మోకాలి దగ్గర ప్యాంటుకి మట్టి. మెట్లెక్కి లోపలికి వచ్చి, పుస్తకం నా చేతిలో పెట్టారు. మొహంలో పట్టరాని సంతోషం.

"జామెట్రీ. పాతది, మంచి ప్రతి. అమ్మేవాడే చదివి చెప్పాడు. లోపల బొమ్మలు కూడా ఉన్నాయి, తడిమి చూస్తే గీతలు తెలుస్తున్నాయి. ఇలాంటిది చదువుకునే రోజుల్లో చూశాను."

పడ్డారా అని అడగబోయి మానేశాను. అట్ట మీద అక్షరాలు చెరిగిపోయి ఉన్నాయి. లోపలి పేజీ తిప్పాను. నదులు, పర్వతాలు, గాలులు వీచే దిక్కులు. అత్తమ్మ నా భుజం మీంచి తొంగి చూసి, చెప్పకు అన్నట్టు నా చెయ్యి నొక్కింది.

"సార్, ఇది జాగ్రఫీ."

ఆయన నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, తెరిచి, తల పక్కకి తిప్పి ఒక పేజీ చాలాసేపు చూశారు.

"జాగ్రఫీయా?"

"ఔ సార్. మస్తు పాతది. నాకు గూడ పనికిరాదు."

ఆయన ఫట్‌మని పుస్తకం మూశారు. "అయితే పద. వాడు సర్దుకోకముందే మార్చుకొద్దాం. ఈసారి నువ్వు చదువు."

"వానొస్తుందిరా" అంది అత్తమ్మ.

"రానీ" అంటూ ఆయన అప్పటికే చెప్పుల్లో కాళ్ళు దూర్చుతున్నారు.

మెట్లు దిగేటప్పుడు ఆయన నా చెయ్యి అడగలేదు, నేను ఇవ్వలేదు. ఆయన గోడ పట్టుకుని దిగారు. నేను ఒక మెట్టు ముందు నడిచాను.